నల్లతెర వెనక ఇద్దరు డ్రైవర్లు

“సార్, కంపెనీ లోగో వచ్చింది, గ్రబ్ మెనూ వచ్చింది. ఉబుంటు ఎంచుకోగానే స్క్రీన్ నల్లబడింది. కార్డు పోయుంటే లోగో ఎట్లొచ్చింది?” మదనపల్లెలో మా ల్యాబ్‌లో పుంగనూరు కుర్రాడు తన కొత్త ల్యాప్‌టాప్ చూపించి అడిగాడు. సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. క్యాప్స్ లాక్ నొక్కమన్నాను. లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ బతికే ఉంది!

లోగో చూపించేది మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ. మెమరీలో కొంత చోటు చూపించి, అక్కడ రాసిన రంగులు తెరమీద పడేలా కార్డును సర్దిపెడుతుంది. అదే ఫ్రేమ్‌బఫర్. లైనక్స్ కూడా మొదట దాన్నే వాడుకుంటుంది. కాసేపటికి అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లోడవుతుంది. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సుకు పుంగనూరులో డ్రైవర్ మారాడనుకోండి. వచ్చినాయన పాతాయన్ని సీట్లోంచి దించేశాడు, తీరా తన చేతిలో బండి స్టార్ట్ కాలేదు. ఆ కుర్రాడి స్క్రీన్‌కు జరిగింది అదే.

ఈ రెండో డ్రైవర్ చేసే పని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ముందు మానిటర్‌ను ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. మానిటర్ 128 బైట్లలో జవాబిస్తుంది. దాని పేరు ఈడీఐడీ. ఆ బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి, లేకపోతే జవాబు చెల్లదు. వీజీఏ కేబుల్‌లో ఈ సమాచారం 12వ పిన్నులోంచి వస్తుంది. ఆ ఒక్క పిన్ను విరిగితే బొమ్మ వస్తుంది గానీ మానిటర్ ఎవరో తెలియదు, డ్రైవర్ సాధారణంగా 1024×768తో సరిపెట్టుకుంటుంది. జవాబు అందిందా, ఇక లెక్క మొదలు. 1920×1080 బొమ్మకు అంచుల ఖాళీతో కలిపి వరుసకు 2200 చుక్కలు, అలాంటివి 1125 వరుసలు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే 14 కోట్ల 85 లక్షలు. కార్డు లోపల సరిగ్గా 148.5 మెగాహెర్ట్జ్ క్లాక్ పుట్టించాలి.

2009 దాకా ఇదంతా కెర్నల్ బయట, ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్ చేసేది. ఆ ఏడాది 2.6.29 కెర్నల్‌లో ఇంటెల్ చిప్‌లతో మొదలై ఈ బాధ్యత కెర్నల్‌లోకి వచ్చింది. ఎన్‌విడియా మాత్రం తన చిప్‌ల గుట్టు విప్పలేదు. దాంతో నూవో బృందం ఎన్‌విడియా సొంత డ్రైవర్ ఏ రిజిస్టర్‌లో ఏ అంకె రాస్తోందో గమనిస్తూ, కార్డు గుట్టు రాబట్టి నూవో అనే తమ డ్రైవర్ రాసింది. ఆ ఓపికకు దండం పెట్టాలి. 2010లో అది కెర్నల్‌లో చేరింది. కొన్నేళ్ల తర్వాత వచ్చిన కార్డులు ఎన్‌విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌నే ఒప్పుకోవడం మొదలుపెట్టాయి. కొత్త కార్డుకు తగిన ఫర్మ్‌వేర్ సిస్టమ్‌లో లేకపోతే నూవో చేతులెత్తేస్తుంది.

మా కుర్రాడిదీ అదే కథ. గ్రబ్‌లో ‘ఇ’ నొక్కి, ‘లైనక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కాం. ఆ మాట ఉంటే రెండో డ్రైవర్ సీటెక్కదు. డెస్క్‌టాప్ నత్తనడకనే అయినా వచ్చింది. తర్వాత ఎన్‌విడియా డ్రైవర్ వేశాం. 2022లో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టాక పరిస్థితి కొంత మెరుగైంది. అయినా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సొంతంగా బిల్డ్ చేసిన మాడ్యూల్‌ను కెర్నల్ నమ్మదు. దాని సంతకం తాళాన్ని (మోక్) నమోదు చేయమంటూ రీబూట్‌లో నీలి స్క్రీన్ వస్తే కంగారుపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కేయకండి. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వండి.