పట్టం ఇచ్చారు... పక్కన పెట్టమన్నారు!

రెండో ప్రపంచ యుద్ధ కాలం. హాంకాంగ్ జపాన్ సైన్యం గుప్పిట్లో ఉంది. పక్కనే ఉన్న మకావ్ మాత్రం పోర్చుగీసు ఏలుబడిలోని తటస్థ ప్రాంతం. దాంతో ప్రాణాలు అరచేత పట్టుకుని శరణార్థులు అక్కడికి చేరారు. వాళ్లలోని ఆంగ్లికన్ క్రైస్తవులకు సంస్కారాలు ఇద్దామంటే గురువుల్లేరు. జపాన్ ఆక్రమణలోని ప్రాంతాలు దాటి వచ్చే వీలూ లేదు. ఉన్నదల్లా లీ టిమ్-ఓయ్ అనే మహిళా డీకన్. చర్చి బాధ్యతలన్నీ ఆమె మీదే. కానీ ప్రభుభోజన సంస్కారం జరిపించాలంటే గురుపట్టం ఉండాలి. ఆ పట్టమేమో మగవాళ్లకే!

హాంకాంగ్ బిషప్ రొనాల్డ్ హాల్ ఎటూ తేల్చకుండా కూర్చోలేదు. ఆమెకు కబురంపారు. లీ జపాన్ సేనల కళ్లుగప్పి చైనా లోపలికి వెళ్లారు. 1944 జనవరి 25న అక్కడ హాల్ ఆమె తలపై చేతులుంచి గురుపట్టం ఇచ్చారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి మహిళా గురువు ఆమే.

టిమ్-ఓయ్ అంటే 'ఎంతో ప్రియమైనది' అని అర్థమట. ఆడపిల్ల పుడితే పెదవి విరిచే రోజుల్లో తండ్రి ముచ్చటపడి పెట్టిన పేరు. ఫ్లారెన్స్ నైటింగేల్ మీద అభిమానంతో లీ తన పేరుకు ముందు ఫ్లారెన్స్ అని చేర్చుకున్నారు.

యుద్ధం ముగిసింది. గొడవ మొదలైంది. నియమాన్ని మీరారంటూ బిషప్ హాల్ మీద ఇంగ్లండ్ నుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన ఇబ్బంది పడకూడదని 1946లో లీ తన లైసెన్సు వదులుకున్నారు. పట్టం మాత్రం వదులుకోలేదు. అవసరం ఉన్నన్నాళ్లూ పనికొచ్చిన చేతులు అవసరం తీరాక అనర్హమైపోయాయన్నమాట!

ఆ తర్వాత వియత్నాం సరిహద్దు దగ్గరి హేపూలో చర్చి బాధ్యత చూశారు. పుట్టగానే ఆడశిశువుల ఊపిరి తీసే దురాచారాన్ని ఆపాలని అక్కడ ప్రసూతి కేంద్రం నడిపారు. కమ్యూనిస్టుల పాలనలో చర్చిలు మూతపడ్డాక కోళ్లఫారంలో, ఫ్యాక్టరీలో పనిచేయాల్సి వచ్చింది. సాంస్కృతిక విప్లవంలో రెడ్‌గార్డులు ఆమె గురువస్త్రాలను ఆమె చేతనే కత్తెరతో ముక్కలు చేయించారు.

ఇంతకీ వద్దనేవారి వాదనేమిటి? క్రీస్తు ఎంచుకున్న పన్నెండుమంది శిష్యులూ పురుషులే. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు రాశారు. పైగా కాథలిక్కులు, ఆర్థడాక్స్ వారు ఒప్పుకోని మార్పు చేస్తే వాళ్లతో ఐక్యత ఎలా? ఇవీ వాళ్ల ప్రశ్నలు. అవుననేవారూ బైబిలే తెరుస్తారు. క్రీస్తు పునరుత్థానాన్ని మొదట చాటింది మగ్దలేనే మరియే కదా, క్రీస్తులో స్త్రీపురుష భేదం లేదన్నదీ ఆ పౌలే కదా అంటారు. రెండు పక్షాలదీ ఒకే గ్రంథం. అందుకే ఈ తగవు అంత తేలిగ్గా తెగలేదు.

1971లో హాంకాంగ్ మరో ఇద్దరు మహిళలకు అధికారికంగా పట్టం ఇచ్చింది. లీ గురుత్వాన్నీ గుర్తించింది. అమెరికా 1976లో తలుపు తెరిచింది. ఆ దేశంలోనే 1989లో బార్బరా హారిస్ ఆంగ్లికన్ ప్రపంచపు తొలి మహిళా బిషప్ అయ్యారు. కెనడాలో స్థిరపడిన లీ 1992 ఫిబ్రవరిలో టొరంటోలో కన్నుమూశారు. అదే ఏడాది నవంబరు 11న ఇంగ్లండ్ చర్చి మహిళా గురువులకు ఓటేసింది. ఆ వార్త వినడానికి ఆమె లేరు.

బిషప్ పదవి దగ్గర మళ్లీ పేచీ. 2012లో ఇంగ్లండ్ సినడ్‌లో విశ్వాసుల సభలో ఆరు ఓట్లు తక్కువై తీర్మానం వీగిపోయింది. వ్యతిరేకించినవారిలో మహిళలూ ఉన్నారు! 2014లో గానీ నెగ్గలేదు. 2015లో లిబ్బీ లేన్ అక్కడి తొలి మహిళా బిషప్ అయ్యారు.

అప్పటికే మన దగ్గర ఆ ముచ్చట తీరిపోయింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు కలిసి 1947లో ఏర్పరచుకున్న దక్షిణ భారత సంఘం... అదే సీఎస్ఐ, ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యసంఘం. 2013 సెప్టెంబరులో ఇ.పుష్పలలిత సీఎస్ఐలో తొలి మహిళా బిషప్‌గా నంద్యాల డయోసిస్ బాధ్యతలు అందుకున్నారు. ఇంగ్లండ్ కంటే నంద్యాలే ముందు!

2025 అక్టోబరులో సారా ముల్లలీని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఎంపిక చేశారు. ఆ పీఠానికి ఓ మహిళ రావడం ఇదే మొదటిసారి. ఆమె ఒకప్పటి నర్సు, ఇంగ్లండ్ చీఫ్ నర్సింగ్ ఆఫీసరుగానూ పనిచేశారు. నైటింగేల్ పేరు పెట్టుకున్న లీ వింటే ఎంత మురిసిపోయేవారో! ఈ ఎంపికను గాఫ్‌కాన్ అనే సంప్రదాయవాద కూటమి వెంటనే తప్పుబట్టింది. ఇంగ్లండ్ చర్చిలోనూ 2014 నాటి రాజీ అలాగే ఉంది. మహిళల గురుత్వాన్ని అంగీకరించని స్థానిక సంఘం తీర్మానం చేసుకుంటే మగ బిషప్ పర్యవేక్షణ కోరవచ్చు.