బంట్వారం కంప్యూటర్‌లో వాట్సాప్: 19 పిక్సెళ్లలో ఇరుక్కున్న తెలుగు

“అన్నా, నీ వాట్సాప్ నంబర్ చెప్పు, పంపుతా.” వికారాబాద్ జిల్లా బంట్వారం లాంటి మండల కేంద్రంలో జిరాక్స్ సెంటర్ ముందు తరచూ వినపడే మాట ఇది. ఒకప్పుడు ప్రింటు కావాలంటే పెన్‌డ్రైవ్ తేవాలి. ఇప్పుడు ఆధార్, పాస్‌బుక్, పహాణీ, పిల్లల హాల్‌టికెట్ అన్నీ ఫోన్ లోంచి దుకాణపు నంబరుకు వెళ్తాయి, అక్కడి కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్‌లోకి దిగుతాయి, అక్కడి నుంచి ప్రింటరుకు పోతాయి. పల్లెల్లో డెస్క్‌టాప్ వాట్సాప్ కబుర్ల కోసం తెరిచేది కాదు. అది సర్వీసు కౌంటర్.

ఆ కౌంటర్‌ను కొలిచి చూద్దాం. ఏ తెర డిజైనైనా చివరికి కొన్ని అంకెలే: గడి ఎత్తు ఎంత, అక్షరం సైజెంత, పొరపాటు దిద్దుకోవడానికి ఎన్ని సెకన్లు. వాట్సాప్‌లో ఈ అంకెలు ఎవరిని ఊహించుకుని పెట్టారో చూస్తే, సొంత గదిలో సొంత కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషు లిపిలో రాసుకునే ఒక్క మనిషే కనిపిస్తాడు. బంట్వారంలో కౌంటర్ ముందు వరుసలో నిలబడిన వాళ్లు ఆ ఊహలో లేరు.

ముందు తెర సంగతి. దుకాణాల్లో కనిపించే తక్కువ ధర మానిటర్లలో 18.5 అంగుళాలవి ఎక్కువ. వాటి కొలత సాధారణంగా 1366×768 పిక్సెళ్లు. ఎత్తు 768లో విండోస్ 10 కింది పట్టీకి 40 పోతుంది. బ్రౌజర్ ట్యాబులు, అడ్రసు గడి కలిసి ఇంచుమించు 90 తింటాయి. మిగిలిన 640లో వాట్సాప్ పై పట్టీ, వెతికే గడి, వడపోత బటన్లు మరో 155 దాకా తీసుకుంటాయి. చాట్ల జాబితాకు మిగిలేది సుమారు 485. వెబ్ వాట్సాప్‌లో ఒక్కో చాట్ వరుస ఎత్తు ఏళ్లుగా 72 పిక్సెళ్లు. భాగిస్తే 6.7. అంటే తెరమీద ఒకేసారి కనిపించేది ఆరేడు చాట్లు.

స్నేహితులతో మాట్లాడుకునే వాళ్లకు ఏడు చాట్లు చాలు. కౌంటర్‌కు చాలవు. పైగా అక్కడ చాట్లకు పేర్లుండవు. వచ్చిన ప్రతి మనిషి నంబరునూ ఎవరూ సేవ్ చేసుకోరు కాబట్టి జాబితా నిండా పదంకెల నంబర్లే. ఎవరి కాగితం ఏదో తేల్చడానికి మిగిలే ఆధారం సమయం ఒక్కటే: “ఇప్పుడే పంపిన, చూడన్నా.” సందేశం పక్కన ఆ సమయాన్ని చూపే అక్షరాల సైజు 11 పిక్సెళ్లు. దుకాణదారుకు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం తెరమీద అన్నిటికంటే చిన్నగా ఉంది.

ఇక అక్షరం దగ్గరికి వద్దాం. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

వెబ్ వాట్సాప్‌లో సందేశం సైజు 14.2 పిక్సెళ్లు, వరుస ఎత్తు 19 పిక్సెళ్లుగా ఏళ్ల తరబడి నడిచింది. నిష్పత్తి 1.34. ఇంగ్లీషుకు ఇది హాయిగా సరిపోతుంది. ఆ లిపిలో అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి, g, y లాంటి కొన్నే కిందికి దిగుతాయి. తెలుగు అలా కాదు. తలకట్టు, గుడి, ఏత్వం పైకి పోతాయి. వత్తులు కిందికి దిగుతాయి, ఒక్కోసారి రెండు వత్తులు. స్వయం సహాయక సంఘాల మహిళలు రోజూ పలికే “స్త్రీనిధి” చూడండి. మొదటి అక్షరంలోనే స, దాని కింద త, దాని చుట్టూ ర, పైన గుడిదీర్ఘం. “రాష్ట్రం”, “లక్ష్మి” కూడా అంతే. 19 పిక్సెళ్ల వరుసలో పై వాక్యం వత్తులు, కింది వాక్యం గుడులు ఒకదాని మీదికొకటి వస్తాయి. నాలుగు వరుసల సందేశం చదవాలంటే కళ్లు చికిలించాలి.

ఇది నా ఒక్కడి అభిరుచి కాదు. వెబ్‌లో అందరికీ అందుబాటు కోసం రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2018 నాటి 2.1 కూర్పు, చదివేవారు వరుస ఎత్తును అక్షరం సైజుకు 1.5 రెట్లు పెంచుకున్నా పేజీ చెడకూడదని చెబుతుంది. గూగుల్ మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలు ఇంకా సూటిగా మాట్లాడాయి. లిపులను మూడు తరగతులు చేసి, ఎక్కువ ఎత్తు కావలసిన వాటిలో అరబిక్, హిందీ, థాయ్‌లతో పాటు తెలుగును పేరు పెట్టి చేర్చాయి. ఈ లిపులకు చాలా చోట్ల అక్షరాన్ని ఇంగ్లీషు కంటే ఒక పిక్సెల్ పెద్దది చేయమన్నాయి. ఆ సలహా ప్రకారం 14.2ను 15.2 చేసి 1.5తో గుణిస్తే 22.8 వస్తుంది. తెలుగుకు కావలసింది 23 పిక్సెళ్లు. ఇస్తున్నది 19.

లోపలి లెక్క కూడా తెలుగుకు ఆలస్యంగానే కుదిరింది. 1991లో, అన్ని లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పు వచ్చినప్పుడే తెలుగుకు 128 గడులు కేటాయించారు. కానీ ఆ గడుల్లో ఉన్నవి విడి భాగాలు: హల్లు, పొల్లు, గుణింతం గుర్తు. “స్త్రీ” మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు, ఒక్కోటి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. కర్సర్ ఎక్కడ ఆగాలి, పొడవైన వాక్యాన్ని ఎక్కడ తెంచాలి అన్నది తేల్చే యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం “స్త్రీ” మూడు ముక్కలు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో ఆ నియమం మారి, తెలుగు సంయుక్తాక్షరం ఒకే ముక్కగా లెక్కకు వచ్చింది. మధ్యలో 32 ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల్లో బ్యాక్‌స్పేస్ ఒక్కో సంకేతాన్నే చెరుపుతుంది. ఇలాంటి ఒక్క అక్షరం తప్పు పడితే ఆరు నొక్కులు.

ఈ నిర్లక్ష్యం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆ పైన కంటికి కనపడని ఒక విభజన గుర్తు, తర్వాత దీర్ఘం. ఈ అయిదు సంకేతాల వరుస, అంటే 15 బైట్లు, సందేశంగా వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలాయి. వాట్సాప్, మెసెంజర్ ఏదైనా అంతే. మ్యాక్ కంప్యూటర్లూ తప్పించుకోలేదు. తప్పు ఆ యాప్‌లది కాదు, అక్షరాలను గీసే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. అప్పట్లో వార్తలు దాన్ని “తెలుగు అక్షరం బాంబు” తరహాలో రాశాయి. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. అక్షరం చేసిన నేరమేమీ లేదు. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగా చెప్పుకున్న భాషలోని జ్ఞ గుణింతాన్ని పరీక్షించకుండానే సాఫ్ట్‌వేర్ బయటికి వచ్చింది.

టైపింగ్ దగ్గర మరో చిక్కు. మన డీటీపీ సెంటర్లలో చేతులు తిరిగింది అను ఫాంట్లతో. ఆ ఫాంట్లు యూనికోడ్‌కు ముందు తరానివి. అందులో కొట్టిన అర్జీని కాపీ చేసి చాట్‌లో పెడితే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం వస్తుంది. అందుకే అదే అర్జీని ఫోటో తీసి పంపడం అలవాటైంది. విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019లో వచ్చింది. కానీ దాన్ని సెట్టింగుల్లో వెతికి పెట్టుకోవాలి. పెట్టుకున్నాక కూడా వాట్సాప్‌లో ఎంటర్ కొడితే సందేశం వెళ్లిపోతుంది. కొత్త వరుసకు షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. అర్జీలు, చిరునామాలు వరుసలుగా రాయడం అలవాటైన చేతికి ఇది సహజం కాదు. సగం చిరునామా పోయాక దిద్దుకోవడానికి 2023 మే నుంచి 15 నిమిషాల వ్యవధి ఇచ్చారు. అది మంచి మార్పు, ఒప్పుకోవాలి.

ఇప్పుడు కాగితం సంగతి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో పహాణీ ఫోటో తీస్తే 4000×3000 పిక్సెళ్లు, అంటే కోటీ 20 లక్షల చుక్కలు. మామూలు పద్ధతిలో ఫోటోగా పంపితే వాట్సాప్ దాని పొడవును సుమారు 1600కు కుదిస్తుంది. 1600×1200, అంటే 19 లక్షల 20 వేలు. నూటికి 84 చుక్కలు దారిలో పోయాయి. ఏ4 కాగితం పొడవు 11.7 అంగుళాలు. 1600ను దానితో భాగిస్తే అంగుళానికి 137 చుక్కలు. పత్రాల స్కానింగ్‌కు సాధారణంగా వాడే 300లో సగం కూడా లేదు. ఆధార్ కార్డు చిన్నది, కార్డు వరకే దగ్గరగా తీస్తే ఈ నష్టం తెలియదు. సన్న అక్షరాల్లో సర్వే నంబర్లు, ఎకరాలు గుంటలు ఉన్న కాగితానికి తెలుస్తుంది.

దీనికి విరుగుడు వాట్సాప్‌లోనే ఉంది. అదే ఫోటోను “డాక్యుమెంట్”గా పంపితే కుదింపు లేకుండా ఉన్నదున్నట్టు చేరుతుంది. 2 జీబీ దాకా పంపవచ్చు. 2023లో హెచ్‌డీ బటన్ కూడా వచ్చింది. కానీ జోడించే మెనూలో ఫోటో, డాక్యుమెంట్ పక్కపక్కన ఒకే సైజు బొమ్మలుగా ఉంటాయి. ఒకటి ఎంచితే చుక్కలు పోతాయని, ఇంకోటి ఎంచితే పోవని అక్కడ ఎక్కడా రాసి ఉండదు. కాగితం ఫోటోను కాగితం ఫోటోగా గుర్తుపట్టడం నేటి ఫోన్లకు కష్టం కాదు. ఆ క్షణంలో “ఇది పత్రంలా ఉంది, స్పష్టంగా పంపాలా?” అని ఒక ప్రశ్న వేస్తే చాలు, మసక ప్రింటు పట్టుకుని ఆఫీసుకు వెళ్లి తిరిగొచ్చే మనిషికి ఒక రోజు కూలి మిగులుతుంది.

దిగిన తర్వాత కష్టం ఇంకొకటి. కంప్యూటర్‌లో దిగే ఫోటో పేరు “వాట్సాప్ ఇమేజ్” అని మొదలై, తేదీ, గంట, నిమిషం, సెకనుతో ముగుస్తుంది. పంపిన వారి నంబరు అందులో ఉండదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అన్నీ ఒకే ముఖంతో కనిపిస్తాయి. పక్కపక్క నిమిషాల్లో వచ్చిన ఇద్దరి ఆధార్‌లు తారుమారు కావడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. ఒకరి కార్డు ఇంకొకరికి పోతే అందరికీ తొలగించడానికి 2022 నుంచి సుమారు 60 గంటల సమయం ఉంది. ఈలోపు అవతలివారు దాన్ని తమ కంప్యూటర్‌లో దించుకుని ఉంటే మాత్రం, చాట్‌లో తుడిచినా అక్కడ ఫైలు నిలిచే ఉంటుంది.

“నాకు మాత్రమే”, “అందరికీ” అనే రెండు తొలగింపులూ ఒకే పెట్టెలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. తొందరలో “నాకు మాత్రమే” నొక్కితే సందేశం మన కంటికి మాయమై అవతల ఉండిపోతుంది. 2022 డిసెంబరులో దీనికి “అన్‌డూ” పెట్టారు. వ్యవధి 5 సెకన్లు. కౌంటర్ ముందు ముగ్గురు నిలబడి ఒకేసారి మాట్లాడుతుండగా అయిదు సెకన్లంటే తల తిప్పి చిల్లర ఇచ్చేంత సమయం కూడా కాదు. ఆ తర్వాత అందరికీ తొలగించే దారి ఆ మనిషికి మూసుకుపోతుంది. అరవై గంటల వెసులుబాటు ఇచ్చిన చోట దాన్ని కోల్పోయే తప్పుకు అయిదు సెకన్లు ఇవ్వడం ఏ లెక్కన చూసినా కుదరదు.

గోప్యత అంకెలు ఇంకా పదునైనవి. ఒక ఫోన్‌కు నాలుగు పరికరాల దాకా జతచేయవచ్చు. అసలు ఫోన్‌ను 14 రోజులు వాడకపోతే అవి వాటంతటవే తెగిపోతాయి, రోజూ వాడుతుంటే జత అలాగే ఉంటుంది. సొంత కంప్యూటర్‌కు ఇది సౌకర్యం. నలుగురు చేతులు పెట్టే దుకాణపు కంప్యూటర్‌లో అది తెరిచే ఉంచిన తలుపు. మాయమయ్యే సందేశాలకు 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. అయితే అవి చాట్‌ను చెరుపుతాయి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తాకవు. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. ఆ ఫోల్డర్‌లోని కార్డుల మీద ఎవరి బాధ్యత ఎంత అన్న ప్రశ్న మండల కేంద్రాల దాకా రాక తప్పదు. అందాకా పంపేవారు చేయగలిగింది ఒకటుంది. ఆధార్ సంస్థే ఇచ్చే మాస్క్‌డ్ ఆధార్‌లో 12 అంకెల్లో 8 దాచి చివరి 4 మాత్రమే చూపుతారు. కుదిరిన చోటల్లా అదే పంపాలి.

కంప్యూటర్ బలం గురించి క్లుప్తంగా. 2015 జనవరిలో వెబ్ వాట్సాప్, 2016 మేలో డెస్క్‌టాప్ యాప్ వచ్చాయి. 2022లో విండోస్ కోసమే రాసిన తేలికైన యాప్ ఇచ్చారు. 2025లో దాన్ని పక్కనపెట్టి మళ్లీ వెబ్ పేజీనే యాప్ చట్రంలో బిగించి ఇవ్వడం మొదలుపెట్టారు. కంపెనీకి ఒకే కోడ్ కాపాడుకోవడం సులువు. మెమరీ భారం మాత్రం 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తున్న దుకాణం మీద పడింది.

నెలకు 300 కోట్లకు పైగా జనం వాడే యాప్‌లో ఒక్క అంకె మార్చడం చిన్న విషయం కాదని తెలుసు. వరుస ఎత్తు 19 నుంచి 23కు పెంచితే నష్టం కూడా ఉంటుంది. అదే 768 తెరమీద చాట్ పై పట్టీ, రాసే గడి పోగా సందేశాలకు మిగిలే సుమారు 520 పిక్సెళ్లలో 27 వరుసలు పట్టేవి 22 అవుతాయి. అయిదు వరుసలు పోతాయి. ఇంగ్లీషులో రాసుకునే వాళ్ల మీద ఆ నష్టం వేయనక్కర్లేదు. సందేశం ఏ లిపిలో ఉందో యాప్‌కు తెలుసు, ఎందుకంటే తెలుగు సంకేతాలన్నీ ఆ 128 గడుల లోపలివే. వాటిని చూసి ఆ సందేశానికి మాత్రమే వరుస ఎత్తు పెంచవచ్చు. దిగిన ఫైలు పేరులో నంబరు చివరి నాలుగంకెలు చేర్చవచ్చు. అన్‌డూను 5 సెకన్ల నుంచి 60కి తేవచ్చు. మూడింటిలో దేనికీ కొత్త సాంకేతికత అక్కర్లేదు. మొదటిది జరిగితే తాండూరు కంది రేటు మీద నాలుగు వరుసల తెలుగు సందేశం 76కు బదులు 92 పిక్సెళ్లు తీసుకుంటుంది. ఆ పదహారు పిక్సెళ్లలో వత్తులకు చోటు దొరుకుతుంది.