నాయకుడు ఊరికి అప్పగించే నిర్ణయాలు

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చి 19న పి.వి. సతీశ్ కన్నుమూశారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. నాలుగు దశాబ్దాల పాటు దానికి దారి చూపినవారు. జొన్న, కొర్ర, సామ, తైదలను పేదల తిండి అని పట్నాలు చిన్నచూపు చూసిన రోజుల్లోనే వాటి తరఫున గట్టిగా నిలబడ్డారు. అలాంటి మనిషి పోయినప్పుడు అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: ఇక సంస్థను ఎవరు నడుపుతారు? నా దృష్టిలో ఆ ప్రశ్న అడిగేసరికే ఆలస్యమైపోతుంది. నాయకుడు ఉండగానే అడగాల్సింది వేరే ఉంది. ఈ సంస్థలో ఏ నిర్ణయాలు ఆయనవి, ఏ నిర్ణయాలు ఊళ్లోని సంఘానివి? ఊళ్ల బాగు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ పదికాలాలు నిలుస్తుందా లేదా అన్నది నాయకుడి మంచితనం మీద కన్నా, ఆయన తన చేతిలోని ఎన్ని నిర్ణయాలను ఊరికి అప్పగించాడన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా నమ్మకం. ఆ అప్పగింత ఒక తీర్మానంతో అయిపోదు. దానికి ఏళ్లు పడతాయి, ప్రత్యేకమైన నేర్పు కావాలి.

మన దగ్గర స్వచ్ఛంద సంస్థ ఎలా పుడుతుందో చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. ఏడుగురు కలిస్తే సొసైటీని రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ ఏడుగురూ చాలాసార్లు వ్యవస్థాపకుడి మిత్రులు, తోటి ఉద్యోగులు, పేరున్న ఒకరిద్దరు పెద్దలు. సంస్థ ఎవరి కోసం పుట్టిందో ఆ కూలీలు, చిన్న రైతులు, ఆడవాళ్లు అందులో ఉండాలని చట్టం అడగదు. సర్పంచ్ నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో దింపొచ్చు. సహకార సంఘంలో అధ్యక్షుణ్ని సభ్యులు మార్చుకోవచ్చు. కిరాణా కొట్టువాడి తూకం నచ్చకపోతే పక్క కొట్టుకు పోవచ్చు. స్వచ్ఛంద సంస్థ నుంచి సాయం అందుకునే మనిషికి ఈ దారుల్లో ఒక్కటీ లేదు. సంస్థ చెప్పే లెక్కలన్నీ పైకే పోతాయి: దాతకు, రిజిస్ట్రార్‌కు, ఆదాయపు పన్ను శాఖకు, విదేశీ విరాళాలు ఉంటే కేంద్ర హోం శాఖకు. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు చాలామందికి అందుతోంది, సంతోషమే. కానీ ఆ నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టుకు కూడా, మొదలైన ఏడాదిని పక్కనబెడితే, మూడేళ్లే గడువు. మూడేళ్లలో చెరువు పూడిక తీయొచ్చు, బడి గదులు కట్టొచ్చు. రాళ్లు తేలిన ఎర్రనేలకు సత్తువ రావడానికి, అప్పటిదాకా నోరెత్తని మనిషి పదిమందిలో లెక్క అడగడానికి మూడేళ్లు చాలవు. కాబట్టి నాయకుడు ఎంత నిజాయితీపరుడైనా అతని చూపు డబ్బు వచ్చే వైపే తిరుగుతుంది. ఊరి వైపు చూసేలా చేసేది అతని మనసు తప్ప మరొకటి లేదు. ఒక మనిషి మనసు మీదే ఇంత బరువు పెట్టడం నాకు ప్రమాదంగా తోస్తుంది.

పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ బరువు కొంతైనా ఎలా దిగిందో వివరంగా చూడాలి. సొసైటీ పుట్టిన 1983లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలైంది. ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేయలేం. అయితే జహీరాబాద్ మెట్ట ప్రాంతంలో దానికి ఇంకో పర్యవసానం ఉందని సొసైటీ వాదించింది. చవకగా బియ్యం వస్తుంటే, చేతిలో పెట్టుబడి లేని పేదలు తమ జొన్న చేలను పడావు పెట్టేశారు. పశువులకు మేత తగ్గింది, కూలి పని తగ్గింది, పళ్లెంలో పప్పులూ చిరుధాన్యాలూ తగ్గాయి. దీనికి విరుగుడుగా 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ముప్పైకి పైగా ఊళ్లలో సొసైటీ మహిళా సంఘాలు తమ సొంత ధాన్య పంపిణీ పెట్టుకున్నాయి. పడావు పడ్డ భూములున్న చిన్న రైతులకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. ఆ అప్పును రైతులు కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, పనులు దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అందాయి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ధాన్యం కన్నా పేదల జాబితా. ఎవరికి ఎంత ధాన్యం ఇవ్వాలో తేల్చడానికి సంస్థ సిబ్బంది ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగలేదు. ఊరివాళ్లే నేల మీద ఊరి పటం గీసి, ప్రతి ఇంటినీ గుర్తుపెట్టి, ఏ ఇల్లు ఎంత పేదదో అందరి ముందు చర్చించి వరుస తేల్చారు. ఎక్కువ పేదలకు ఎక్కువ ధాన్యం. ఎవరు పేద అని నిర్ణయించడమే సంక్షేమ పథకాల్లో అసలైన అధికారం. రేషన్ కార్డు కోసం, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. సంస్థ తన దగ్గరే ఉంచుకుంటే ఎంతో పలుకుబడి తెచ్చిపెట్టే అధికారం అది. దాన్ని నడి ఊళ్లో, అందరి కళ్ల ముందు పెట్టారు. తప్పు జరిగితే పక్కింటి ఆమే లేచి కాదనగలదు. విత్తనాల విషయమూ ఇంతే. ఏ విత్తనం దాచాలి, ఎవరికి ఇవ్వాలి, తిరిగి ఎంత తీసుకోవాలి అన్నది విత్తనాల బ్యాంకు చూసుకునే మహిళల పని. బూడిదా వేపాకూ కలిపి విత్తనం పురుగు పట్టకుండా దాచే విద్య వాళ్లకు ఏ శిక్షణా తరగతీ నేర్పలేదు. ఆ విద్యకు విలువ కట్టి, దాని చుట్టూ సంస్థను నిలబెట్టడమే నాయకత్వం చేసిన పని.

అప్పగింతకు నేర్పు కావాలన్నానే, దానికి ఈ సంఘాల మహిళలు నడిపే రేడియో కథ మంచి సాక్ష్యం. సతీశ్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. 1975–76లో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించిన ప్రయోగంలోనూ పాలుపంచుకున్నారు. ఎక్కడో కూర్చుని ఊరికి ఏం చెప్పాలో నిర్ణయించే మాధ్యమం శక్తీ లోపమూ ఆయనకు లోపలి నుంచి తెలుసు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 1998 నాటికి యునెస్కో సాయంతో స్టూడియో సిద్ధమైంది, లైసెన్సు మాత్రం రాలేదు. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం 2006లో గానీ ఒప్పుకోలేదు. సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబరు 15న. ఈ పదేళ్లూ స్టూడియోకు తాళం పడలేదు. మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, టేపులను ఊళ్లలో సంఘం సమావేశాల్లో వినిపించారు. లైసెన్సు వచ్చేనాటికి మైకు ముందు కూర్చోవడానికీ, యంత్రం నడపడానికీ దళిత మహిళలే సిద్ధంగా ఉన్నారు. బయటి నుంచి నిపుణుల్ని తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఇంత అప్పగింత జరిగితే సతీశ్ చివరిదాకా సంస్థకు ముఖంగా ఎందుకు ఉన్నారు? బంగ్లాదేశ్‌లో 1972లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించిన ఫజ్లే హసన్ అబేద్ 2001లోనే కార్యనిర్వాహక బాధ్యత వదిలి అధ్యక్ష స్థానానికే పరిమితమయ్యారు, 2019లో అదీ వదిలారు. పస్తాపూర్‌లో అలాంటి మార్పు జరగలేదు. ఇది లోటేనని నేను ఒప్పుకుంటాను. ఢిల్లీలో మాట్లాడటం, నిధులు తేవడం, 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమల పక్కన ముతక ధాన్యాలకు చోటు దక్కాలని పోరాడటం లాంటి పైస్థాయి పనుల్లో ఒక్క మనిషి మీద ఆధారపడటం చాలాకాలం సాగింది. అయినా ఊరి స్థాయిలో జరిగిన అప్పగింత దీనివల్ల చెరిగిపోదు. ధాన్యం, విత్తనం, పంట విషయంలో సంఘాలకు నిర్ణయాధికారం ఉండటం వల్లే, పైన కుర్చీ ఖాళీ అయినా కింద విత్తే పని ఆగదు. నాయకత్వం అంటే ఒకే కుర్చీ అనుకోవడం వల్ల ఈ తేడా మనకు కనిపించదు.

రెండో అభ్యంతరం మరింత సున్నితమైనది. సంఘం మహిళలు మాట్లాడేది నిజంగా వాళ్ల మాటేనా, చదువుకున్న నాయకుడి సిద్ధాంతాన్ని వాళ్ల నోట పలికించడమా? జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి మీద వాళ్లు తీసిన సినిమాల విషయంలో ఇలాంటి అనుమానం రావడం సహజం. నాయకుడి ప్రభావం లేదని ఎవరూ అనలేరు, నలభై ఏళ్లు కలిసి పనిచేసినప్పుడు ప్రభావం ఇరువైపులా ఉంటుంది. కానీ పరీక్షించడానికి ఒక మార్గముంది: ఆ మాట తప్పైతే నష్టం ఎవరికి? వేదిక మీది మాటకు ఖర్చు లేదు. ఎకరమో రెండెకరాలో ఉన్న మనిషి తన చేలో జొన్నతోపాటు కందీ, పెసరా, అలసందా, మరెన్నో కలిపి ఏటేటా విత్తుతోందంటే అది అరువు తెచ్చుకున్న అభిప్రాయం కాదు. వానలు ముఖం చాటేస్తే పస్తులుండేది ఆమే. 2019లో ఈ సంఘాలకు దక్కిన ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం కన్నా ఆ చేలే నాకు బలమైన సాక్ష్యం.

ఊరికి అప్పగిస్తే ఊరి పెత్తందార్లకు అప్పగించినట్టేనన్న మాట కూడా వింటాం. అందులో నిజం ఉంది. కులమూ భూమీ చూసి మాట చెల్లే చోట, ఊరంతటినీ పిలిచి సభ పెడితే మాట్లాడేది నలుగురే. సొసైటీ నాయకత్వం ఈ చిక్కును దాటవేయలేదు. ప్రధానంగా దళిత మహిళల సంఘాలను ముందు కూర్చోబెట్టి, నిర్ణయాలు వాళ్ల దగ్గర మొదలయ్యేలా చూసింది. ఎవరికి అప్పగించాలన్నది నాయకుడు తప్పించుకోలేని నిర్ణయం. అక్కడ తటస్థంగా ఉంటానంటే బలవంతుడి వైపు నిలబడ్డట్టే.

ఇదే నేల మీద మొదలై వేరే దారి పట్టిన సంస్థ ఒకటుంది. విక్రమ్ ఆకుల ఒకప్పుడు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోనే పనిచేసి, 1997లో స్వయం కృషి సంగం అనే లాభాపేక్ష లేని సంస్థను మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో మొదలుపెట్టారు. చిన్న అప్పులతో ఎక్కువమందిని త్వరగా చేరాలన్న తపన అది. తర్వాత అది కంపెనీ అయింది, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అదే ఏడాది అక్టోబరులో సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడిపై గగ్గోలు పుట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అంతకుముందే ఈ కంపెనీలో, అప్పు తీసుకున్న మహిళల తరఫున వాటాలు ఉంచడానికి ట్రస్టులు కూడా పెట్టారు. కాగితం మీద ఆ మహిళలు యజమానుల్లో భాగమే. ఆ ట్రస్టుల్లో వాళ్ల నిజమైన అదుపు ఎంత అన్న ప్రశ్న అప్పట్లోనే గట్టిగా వచ్చింది. సంకల్పం మంచిదై, వాటా కూడా ఉండి, నిర్ణయించే అలవాటూ యంత్రాంగమూ లేకపోతే ఏమవుతుందో ఈ ఉదంతం చెబుతుంది. పెద్ద సంఖ్యలో జనాన్ని చేరాలంటే కేంద్రీకరణ తప్పదనేవారికి కూడా నా జవాబు ఇక్కడే ఉంది. వేగంగా పెరిగిన ఆ సూక్ష్మరుణ రంగమంతా ఒక్క ఆర్డినెన్స్‌తో ఉమ్మడి రాష్ట్రంలో కుదేలైంది.

కట్టడి మనిషిలోనే కాక నిర్మాణంలోనూ ఉండాలంటే చట్టం ఒక వీలు కల్పించింది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే పెట్టుబడి పెట్టి పాలకవర్గాన్ని ఎన్నుకోవచ్చు. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఈ దారిని బాగా వాడుకుంది. మహిళల పొదుపు సంఘాలు, సేంద్రియ రైతుల ధరణి సహకార సంఘం విడివిడి సంస్థలుగా ఏర్పడ్డాయి. మాతృసంస్థ తోడుగా ఉంటుంది, వాటి పాలకవర్గాలను మాత్రం సభ్యులే ఎన్నుకుంటారు. విరాళంతో నడిచే పనినీ, సభ్యుల సొత్తుతో నడిచే పనినీ వేరు చేయడం నాయకత్వం తనకు తాను గీసుకున్న గీత. గీత గీశాక దాటాలంటే సభ్యుల అనుమతి కావాలి.

ఇదంతా ఖర్చుతో కూడుకున్నదని దాతలంటారు, అది నిజమే. రాత్రి పనులయ్యాక జరిగే సంఘం సమావేశాలకు, వాటికి ఊరూరా తిరిగే కార్యకర్త జీతానికి, చదువు రాని సభ్యులకు లెక్కలు చదివి వినిపించే మనిషికి డబ్బు కావాలి. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు పంచడాన్నీ నిషేధించింది. దుబారా అరికట్టాలన్న ఉద్దేశం సబబే. కానీ చిన్న సంస్థల్లో జీతాలూ ప్రయాణాలూ కోతకు గురైతే ముందు ఆగేది ఈ సమావేశాలే. కంపెనీల నిధులు ఇచ్చేవారు దరఖాస్తులో ఎన్ని కుటుంబాలకు లబ్ధి అని అడుగుతారు. దాని పక్కనే ఇంకో మూడు గడులు పెట్టడం కష్టమేమీ కాదు: పాలకమండలిలో సంఘం సభ్యులు ఎంతమంది, డైరెక్టర్ పదవికి కాలపరిమితి ఎంత, కిందటేడు లెక్కలను ఏ ఊళ్లో ఎవరి ముందు తెలుగులో చదివారు.