మీకు తెలుసా? బుద్ధుడు కనిపించని బుద్ధుడి శిల్పం

కరీంనగర్‌లోని పురావస్తు మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులు ముందుగా ధూళికట్ట రాళ్ల దగ్గర ఆగాలి. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో 1970ల తవ్వకాల్లో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం బయటపడింది. ఇటుకల స్తూపానికి సున్నపురాతి ఫలకాలు తొడిగారు. వాటిపై ముచలిందుడు చుట్టలు చుట్టుకుని పడగలు విప్పి ఉంటాడు. గాలివానలో ధ్యానంలో ఉన్న బుద్ధుడికి గొడుగు పట్టిన నాగరాజు ఇతడే.

మరి బుద్ధుడేడీ? తొలినాళ్ల బౌద్ధ శిల్పులు ఆయన్ను మనిషి రూపంలో చెక్కేవారు కాదు. పాదాలు, ఆసనం, ధర్మచక్రం, బోధివృక్షం వంటి గుర్తులతోనే ఆయన ఉన్నాడని చెప్పేవారు. అందుకే పిల్లలకు వివరం ముందే చెప్పేయకండి. పడగలు లెక్కపెట్టమనండి, నాగరాజు ఎవరిని కాపాడుతున్నాడో వెతకమనండి. పేరు, తేదీ రాసుకోవడం కన్నా ఆ వెతుకులాట ఎంతో విలువైనది.

శాతవాహనుల ఆనవాళ్లు మరో ఊళ్లోనూ ఉన్నాయి. గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లా కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికాయి. అమరావతి స్తూపాన్ని చూసినవాళ్లు కూడా ఉత్తర తెలంగాణలోని ఈ రెండు ఊళ్ల గురించి విని ఉండకపోవచ్చు. పిల్లలకైనా తెలియాలి.