పుట్టగొడుగుల కూర: ఒంటికి పడకపోవడం వేరు, విషం వేరు

మృగశిర కార్తె వానలకు నేల తడిసిందంటే ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల చెలకల్లో, అడవి అంచుల్లో చెదపుట్టలపై పుట్టగొడుగులు తలెత్తుతాయి. చెదపురుగులు తమ పుట్టలో పెంచుకునే శిలీంధ్రమే ఇలా గొడుగులుగా పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని టెర్మిటోమైసెస్ అంటారు. రుచిలోనూ పోషణలోనూ దీనికి సాటి కూర తక్కువ. అయితే తిన్నవారిలో ఒకరికి దద్దుర్లు వచ్చినా, ఇంటిల్లిపాదికీ వాంతులైనా మనం ‘పడలేదు’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాము. ఈ రెండూ వేర్వేరు సంగతులు. తేడా తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

అలర్జీ అంటే ఏమిటి?

పుట్టగొడుగులోని మాంసకృత్తులను కొందరి శరీరం శత్రువుగా భావించి పోరాడుతుంది. అదే అలర్జీ. ఇది అరుదు. దోషం పుట్టగొడుగుది కాదు, తినే మనిషి శరీర తత్త్వానిది. అందుకే అదే కూర తిన్న మిగతావారు హాయిగా ఉంటారు. తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు ఒళ్లంతా దురద, దద్దుర్లు, పెదవుల వాపు కనిపిస్తాయి. గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే అది అత్యవసర పరిస్థితి. అప్పుడు ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ సూదిమందు. మాత్రలు వేసి ఎదురుచూడక వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఉబ్బసం ఉన్నవారికి ముదిరిన గొడుగులను శుభ్రం చేసేటప్పుడు రాలే పొడి వల్ల కూడా ఆయాసం రావచ్చు.

విషం తీరు వేరు

విషపు గొడుగు మనిషిని ఎంచుకోదు. తిన్నవారందరినీ పట్టుకుంటుంది. పచ్చిక నేలల్లో తెల్లగా, పెద్దగా పెరిగి, ముదిరాక అడుగు రేకులు ఆకుపచ్చబారే రకం ఒకటున్నది. దానిని తింటే ఒకటి నుండి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు అవుతాయి. అంతకన్నా భయంకరమైనవి అమటాక్సిన్ గల గొడుగులు. ఆరు గంటల నుండి ఒక రోజు వరకు ఏ లక్షణమూ కనిపించదు. తరువాత వాంతులు, విరేచనాలు పట్టుకొని, ఆపై కోలుకున్నట్లు అనిపిస్తుంది. ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు.

‘ఎన్నోసార్లు తిన్నాము, ఏమీ కాలేదు’ అన్న ధీమా కూడా చాలదు. ఐరోపాలో పాక్సిల్లస్ అనే రకాన్ని తరతరాలుగా తినేవారు. పలుమార్లు తిన్నవారిలో కొందరికి శరీరం తన ఎర్ర రక్తకణాలనే నాశనం చేసుకుంటుందని తరువాత తేలింది. 1944లో యూలియస్ షేఫర్ అనే జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త ఆ గొడుగును తినే మరణించాడు.

ఉడికిస్తే విషం పోతుందనీ, వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, పురుగు కొరికినది మనమూ తినవచ్చనీ చెప్పే మాటలు నమ్మదగినవి కావు.

‘ఖుంబీ’ విషయంలో అపోహ

‘కమ్‌అహ్’ మన్న్ కోవకు చెందినదని, దాని రసం కంటికి స్వస్థత అని దైవప్రవక్త (సఅసం) తెలిపినట్లు హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. ఉర్దూ అనువాదాల్లో దీనిని ‘ఖుంబీ’ అనడంతో కొందరు మన కుక్కగొడుగులకూ దీనిని వర్తింపజేస్తారు. కమ్‌అహ్ అరబ్బు ఎడారి ఇసుక లోపల దుంపలా పెరిగేది. మన గొడుగుల రసం కంట్లో వేయడం ప్రమాదకరం.

దావత్‌లో ఒకరు ఈ కూర వద్దంటే బలవంతపెట్టరాదు. ఉడుము వంటి ఎడారి జంతువు మాంసాన్ని వడ్డించినప్పుడు దైవప్రవక్త (సఅసం) తాము తినలేదు, నిషేధించనూ లేదు. పక్కనే హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తిన్నారు. వద్దనడం అతిథేయికి అవమానం కాదు.

గృహిణులకు సూచనలు

పుట్టపై మొలిచిన వాటిని గుర్తుపట్టగల పెద్దలు చూపితేనే వండండి. ఏ మాత్రం అనుమానమున్నా పారవేయండి. తెచ్చిన రోజే బాగా ఉడికించండి. మొదటిసారి తినేవారికి కొద్దిగానే వడ్డించండి. వండని గొడుగు ఒకటి విడిగా దాచి ఉంచండి. ఎవరికైనా బాగా లేకపోతే దానిని కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఎప్పుడు తిన్నారో, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో వైద్యునికి చెప్పండి. బలవంతంగా వాంతి చేయించకండి. ఆరు గంటల తరువాత వాంతులు మొదలైతే, తగ్గినట్లు కనిపించినా, తిన్నవారందరినీ ఆసుపత్రిలో చూపించండి.