బ్యాటరీలోని లోహం కాలిపోదు

విద్యుత్ కారుకు పొగగొట్టం లేదు. కానీ దాని బ్యాటరీ వల్ల నేలకూ నీటికీ జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఆ కారు షోరూముకు చేరకముందే జరిగిపోతుంది.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఎనఫ్ బృందం బ్యాటరీ ధనధ్రువానికి లిథియం కోబాల్ట్ ఆక్సైడు పనికొస్తుందని చూపింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో దానికి కర్బన రుణధ్రువాన్ని జోడించారు. 1991లో సోనీ ఈ లిథియం బ్యాటరీని అమ్మకానికి పెట్టింది. చేతిలో పట్టే కెమెరాలకు వాడిన ఆ బ్యాటరీ, ఇవాళ కారు అడుగున వందల కిలోల బరువై పరుచుకుంది.

అంత లోహం ఎక్కడిది? ప్రపంచంలో తవ్వే కోబాల్టులో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిదే. అక్కడి కొల్వేజి చుట్టుపక్కల పెద్ద గనులతోపాటు, చేతి పనిముట్లతో సొరంగాలు తవ్వేవాళ్లూ ఉన్నారు. పిల్లలు కూడా రాళ్లు ఏరి, కడిగి, మూటలు మోశారు. సొరంగాలు కూలి ఎందరో చనిపోయారు. లిథియం కథ వేరు. చిలీలోని అటకామా ఎడారిలో భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, మడుల్లో ఏడాదికి పైగా ఎండబెడతారు. భూమ్మీద అత్యంత పొడి ప్రాంతాల్లో ఒకటైన చోట ఆ నీరంతా ఆవిరైపోతుంది.

1990ల చివర్లో టెక్సాస్‌లో గుడ్‌ఎనఫ్ బృందమే ధనధ్రువానికి లిథియం ఐరన్ ఫాస్ఫేటును ముందుకు తెచ్చింది. అందులో కోబాల్టూ లేదు, నికెలూ లేదు. మన దేశంలో అమ్ముడయ్యే విద్యుత్ కార్లలో చాలావాటికి ఇప్పుడు ఇదే.

పెట్రోలు కాలితే మళ్లీ చేతికి రాదు. బ్యాటరీ చచ్చినా లోహం అందులోనే ఉంటుంది. మిగిలిన ఛార్జి పూర్తిగా తీసేసి, సెల్స్‌ను ముక్కలు చేస్తే రాగి రేకు, అల్యూమినియం రేకు, వాటిమీది పూత నుంచి రాలిన నల్లటి పొడి మిగులుతాయి. ఆ పొడిని ఆమ్లంలో కరిగించి కోబాల్టు, నికెల్, లిథియం విడదీస్తారు. చిక్కల్లా ఫాస్ఫేటు బ్యాటరీతోనే. అందులో కోబాల్టు, నికెల్ లాంటి ఖరీదైన లోహాలు లేవు కాబట్టి రీసైక్లింగు చేసేవాళ్లకు మిగిలేది తక్కువ. గనుల దగ్గర మేలు చేసిన గుణమే ఇక్కడ అడ్డొస్తోంది. దీన్ని మార్కెట్టుకే వదిలేస్తే పని జరగదు, చట్టం పట్టుబట్టాలి.

మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగు బాధ్యతను ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి. కాబట్టి మీ స్కూటరుదైనా కారుదైనా పాత బ్యాటరీని తుక్కు దుకాణానికి వేయకండి. అమ్మిన షోరూముకే తిరిగి ఇచ్చి, రసీదు అడగండి.