శుభం కార్డు పడ్డాక

థియేటర్ బయట మొదలై, టీ కొట్టు దగ్గర ముదిరి, ఏళ్ల తరబడి నడుస్తాయి సినిమా కబుర్లు. ఆడని సినిమాలకు మళ్లీ ప్రాణం పోసిందీ ఆ కబుర్లే.

2010 అక్టోబరు 7న ‘ఖలేజా’ విడుదలైంది. ‘అతిథి’ తర్వాత మూడేళ్లకు మహేష్‌బాబు తెరమీదికి వస్తున్నాడు. పైగా ‘అతడు’ తీసిన త్రివిక్రమ్‌తో. జనం ఇంకో ‘అతడు’ దొరుకుతుందని వెళ్లారు. దొరికింది వేరు. నోటికి అడ్డూ అదుపూ లేని టాక్సీ డ్రైవరు, రాజస్థాన్ ఎడారి, అంతుపట్టని జబ్బుతో మనుషులు రాలిపోతుంటే కాపాడే దేవుడి కోసం ఎదురుచూసే ఒక పల్లె. నవ్వాలో దణ్ణం పెట్టాలో తేలక బయటికొచ్చిన ప్రేక్షకుడు పెదవి విరిచాడు. సినిమా నిలబడలేదు.

2025 మే 30న అదే సినిమా మళ్లీ థియేటర్లకు వస్తే హాళ్లు నిండాయి. తెరమీద మహేష్ నోరు తెరవకముందే హాలంతా ఆ డైలాగు చెప్పేసింది. అలా చెప్పినవాళ్లలో చాలామంది, సినిమా మొదటిసారి వచ్చినప్పుడు బడి పిల్లలు. మధ్యలో ఈ పదిహేనేళ్లూ దాన్ని బతికించింది ఎవరు? టీవీ ఒక కారణం, కాదనను. కానీ టీవీ సినిమాను ఇంటికి తెస్తుందే తప్ప అది ఎందుకు బాగుందో చెప్పదు. ఆ పని హాస్టల్ గదుల్లో జరిగింది, మెస్‌లో కంచాల ముందు జరిగింది. ‘మామా, అది కామెడీ సినిమా కాదురా, ఇంకోసారి చూడు’ అని ఒకడు ఇంకొకణ్ని బలవంతంగా కూర్చోబెట్టిన రాత్రుల్లో జరిగింది.

కూర్చుని చూసినవాళ్లకు మొదటిసారి అందని సంగతి ఒకటి అందింది. ఆ టాక్సీ డ్రైవరు సీతారామరాజు తాను దేవుణ్నని చాలాసేపు ఒప్పుకోడు. ఊరు నమ్ముతుంది, అతను విసుక్కుంటాడు. ఆ విసుగులోంచే హాస్యం పుట్టింది. అంటే నవ్వు ఒక ట్రాకు, భక్తి ఇంకో ట్రాకు అనుకుని 2010లో మనం విడదీసి చూసినవి రెండూ ఒకటే. సాయం చేసే క్షణంలో మామూలు మనిషే దేవుడవుతాడన్న ఆలోచనను త్రివిక్రమ్ ఉపన్యాసంలా చెప్పకుండా ఓ డ్రైవరు చిరాకులో పెట్టాడు. ఇది ఏ సమీక్షలో చదివి తెలుసుకున్నది కాదు. నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు కోసుకుంటూ మాట్లాడితే తేలిన సంగతి.

అందుకే గట్టిగా నమ్ముతాను: మన దగ్గర కల్ట్ సినిమా అన్నదాన్ని తయారుచేసింది స్నేహితులు. శుక్రవారం తీర్పును తిరగరాసే హక్కు వాళ్లకు మాత్రమే ఉంది.

అదే 2010 నవంబరులో వచ్చిన ‘ఆరెంజ్’ కూడా ఇదే దారిన నడిచింది. ప్రేమ జీవితాంతం ఒకే వేడితో ఉండదు, ఉన్నన్నాళ్లూ నిజంగా ఉంటే చాలు అని వాదించే హీరోను అప్పటి ప్రేక్షకుడు ఇంట్లోకి రానివ్వలేదు. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి. ఆ పాటలు విన్న పిల్లలు పెద్దయి, ప్రేమించి, విడిపోయి, మళ్లీ ఆ సినిమా దగ్గరికి వచ్చారు. 2023లో రీరిలీజ్ అయినప్పుడు హాళ్లలో కనిపించింది వాళ్లే. నా మట్టుకు ‘ఆరెంజ్’లో వాదన సినిమా కంటే బలంగా ఉంటుంది. అమ్మాయి వైపు నుంచి ఆ ప్రశ్నను అంతే లోతుగా అడగలేదన్న అసంతృప్తి నాకింకా ఉంది. ఈ మాట అన్నందుకు నాతో గొడవపడే మిత్రులున్నారు. ఆ గొడవ నాకిష్టం.

వరండాలోంచి షూటింగుకు

ఇలా మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. కొడవటిగంటి కుటుంబరావు కథల మీద పెట్టిన శ్రద్ధే సినిమా వ్యాసాల మీదా పెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమాల గురించి రాశారు. చిన్ననాటి నేస్తం బాపుతో ఆయన నడిపిన సినిమా కబుర్లు ఎంత దూరం వెళ్లాయో చూడండి. 1967లో ఇద్దరూ కలిసి ‘సాక్షి’ తీశారు. హాలీవుడ్ ‘హై నూన్’ ఛాయ ఉన్న కథను గోదావరి జిల్లా పులిదిండికి తీసుకెళ్లి, ఆ ఊరి ఇళ్ల మధ్య, ఆ ఊరి జనం మధ్య నిలబెట్టారు. ఒక అమెరికా సినిమా గుండె ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని మన ఊళ్లో కొట్టుకునేలా చేయాలంటే ముందు దాని గురించి ఎంత మాట్లాడుకుని ఉండాలి!

విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, తర్వాత హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన రామ్‌గోపాల్ వర్మది ఇంకో తరం. సినిమాలు చూడటం, వాటిని విప్పి చూడటం, వాటి గురించి వాదించడం తప్ప సినిమా బడి అంటూ ఆయనకు వేరే లేదు. 1989లో ‘శివ’ వచ్చింది. అందరూ సైకిల్ చైను గురించి మాట్లాడారు. కొందరు మాత్రం ఇంకో అడుగు ముందుకేసి ఆ చైను తెంపే ముందు వర్మ ఎంతసేపు ఆగాడో గమనించారు. దెబ్బకంటే దెబ్బకు ముందున్న ఆ క్షణమే భయపెడుతుందని వాళ్లు గుర్తుపట్టారు. రెండేళ్ల తర్వాత ‘క్షణక్షణం’లో శ్రీదేవి, వెంకటేష్ అడవిలో దారి తప్పుతుంటే, వెనక తరుముతున్న పరేష్ రావల్‌ను చూసి నవ్వుతూనే భయపడ్డాం. ఆ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమన్నది మా గుంపులో ఇప్పటికీ తెగని చర్చ.

ఫిల్మ్ సొసైటీలూ ఈ పనే పద్ధతిగా చేశాయి. 1947లో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. మన దగ్గర హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో ఆ దీపం వెలిగింది. సబ్‌టైటిల్సు చదువుకుంటూ ఇరాన్ సినిమా, జపాన్ సినిమా చూసి, ఆఖరి బస్సు అందుకునేలోగా వాటి గురించి మాట్లాడుకున్న తరం ఒకటి ఈ ఊళ్లలో ఉంది.

‘సెకండాఫ్ ల్యాగ్’ అంటే ఏ సీను?

ఇప్పుడు శుక్రవారం వేగం పెరిగింది. అమెరికాలో ప్రీమియర్లు ముందే పడతాయి కాబట్టి, ఇక్కడ మనం నిద్ర లేచేసరికి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మెసేజ్ వచ్చి ఉంటుంది. హైదరాబాద్ ప్రసాద్స్‌లో పొద్దుటి ఆట వదిలేసరికి మైకులు ఎదురొస్తాయి. సాయంత్రానికి రేటింగులు, సోమవారానికి కలెక్షన్లు. ఏ ఏరియాలో ఎంత షేరు, బ్రేక్ ఈవెన్ ఎంత అన్నవి పంపిణీదారుడికి అవసరమైన లెక్కలు. డబ్బు పెట్టింది అతను, అతని గుండె దడ అర్థమవుతుంది. టికెట్ కొనుక్కుని చూసిన ఇద్దరు మిత్రులు కూడా ఆ లెక్కలే మాట్లాడుకుంటుంటే నాకు బాధేస్తుంది. సినిమా వాళ్ల కళ్లముందు జరిగింది. వాళ్ల దగ్గర దానికంటే పెద్ద ఆస్తి ఉంది.

మన మాటల్లో అరిగిపోయిన నాణెం ‘సెకండాఫ్ ల్యాగ్’. బాగా లేదనిపించిన ప్రతి సినిమాకూ ఇదే మాట. మా గుంపులో ఒక మిత్రురాలు ఈ మాట వినగానే ‘ఏ సీను దగ్గర?’ అంటుంది. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగినవాళ్లే ఆలోచిస్తారు. వెనక్కి నడిస్తే తరచూ తేలేదేమిటంటే, తప్పు సెకండాఫ్‌లో ఉండదు. ఇంటర్వెల్ దగ్గర హోరు పుట్టించడానికి హీరో గుట్టంతా అక్కడే విప్పేస్తారు. ఆ తర్వాత తెలుసుకోవడానికి ప్రేక్షకుడికి ఏమీ మిగలదు. సగం కథలో ఒక శిఖరం, చివర ఇంకో శిఖరం కావాలన్న మన సినిమా కట్టుబాటు ఎంత కష్టమైనదో ఈ ఒక్క ప్రశ్నతో తెలిసొస్తుంది.

సుకుమార్ ‘1: నేనొక్కడినే’ 2014 సంక్రాంతికి వచ్చింది. పండగ పూట కుటుంబమంతా కలిసి చూసే సినిమా కాదది. ఏది నిజంగా జరిగింది, ఏది హీరో గౌతమ్ మెదడు అల్లింది అన్న పొడుపుకథ. పొడుపుకథ విప్పడానికి పక్కన మనిషి ఉండాలి. విడుదలైన వారంలో మాట్లాడుకునే తీరిక దానికి దొరకలేదు. తర్వాత ల్యాప్‌టాప్‌ల మీద ఆపి ఆపి చూసినవాళ్లు దాన్ని విప్పారు. మరీ పొడవుగా ఉందన్న ఫిర్యాదు నాకిప్పటికీ ఉంది. తల్లిదండ్రుల మొహాలు కూడా గుర్తులేని కొడుకు వెతుకులాట ముందు ఆ ఫిర్యాదు చిన్నది.

పాండవులు లేని భారతం

పాత సినిమాల దగ్గరికి వస్తే, 1957 నాటి ‘మాయాబజార్’ గురించి మాట్లాడని తెలుగు ఇల్లు ఉండదు. ఎస్వీ రంగారావు భోజనం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్‌ట్లే వెన్నెల... ఇవన్నీ అందరికీ తెలుసు. అయితే ఏదో ఒక రోజు మిత్రుడొకడు ‘ఇందులో పాండవులు కనిపించరు, గమనించారా?’ అంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ. కృష్ణుడున్నాడు, బలరాముడున్నాడు, దుర్యోధనుడు, శకుని, సుభద్ర, అభిమన్యుడు, ఘటోత్కచుడు అందరూ ఉన్నారు. ఆ ఐదుగురిలో ఒక్కరూ తెరమీదికి రారు.

ఎందుకలా? బలరాముడి కూతురు శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు. జనం చెప్పుకున్న, నాటకాల వాళ్లు ఆడిన కథ. కె.వి.రెడ్డి దాన్ని యుద్ధాల ఇతిహాసంగా తీయలేదు, మేనరికం గొడవగా తీశారు. ఆస్తి పోయిన ఆడపడుచు ఇంటికి పిల్లనివ్వడానికి తల్లి రేవతి వెనకాడుతుంది, డబ్బున్న సంబంధం వైపు మొగ్గుతుంది. ఇందులో ధర్మరాజు వచ్చి నిలబడితే కథ ధర్మాధర్మాల మీదికి పోతుంది. ఆయన రాకపోబట్టే అది మన పెదనాన్నల, మేనత్తల ఇంటి కథగా మిగిలింది. ఈ సినిమాలో కె.వి.రెడ్డి చేసిన అన్ని మాయల్లో నాకు పెద్దదిగా కనిపించేది పాండవులను మాయం చేయడమే.

ఇంకా సావిత్రి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కాబట్టి, ఎవరూ లేనప్పుడు ఆమె నడకలో మగ దర్పం వస్తుంది, భుజాలు విచ్చుకుంటాయి. అలికిడి వినగానే ఒంట్లోకి సిగ్గు తెచ్చుకుంటుంది. రంగారావు శరీర భాషను సావిత్రి ఎంత శ్రద్ధగా చూసి తనలోకి తీసుకుందో ఆ కొన్ని నిమిషాలు చెబుతాయి. శబ్దం తీసేసి ఆ ఘట్టాన్ని ఒకసారి చూడండి. పక్కన మిత్రుడు తప్పనిసరి.

ఇంతకీ ఆ అమ్మాయి ఏమంది?

2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు మా మగపిల్లల గుంపు దాని ఆవేశం గురించి, కెమెరా గురించి, విజయ్ దేవరకొండ కళ్ల గురించి మాట్లాడింది. అవన్నీ నిజమే, సందీప్ రెడ్డి వంగా పట్టు బలమైనదే. ఆ గుంపులోకి ఒక స్నేహితురాలు వచ్చి, ‘ఇంతకీ హీరోయిన్ ప్రీతి ఏమంది?’ అని అడిగింది. ఆ పిల్ల మాట వినపడటానికి ముందే ఆమె ఎవరిదో క్లాసులో ప్రకటించేశారన్న సంగతి అప్పుడు అందరి కళ్లకూ కట్టింది. ఆ ప్రశ్న తర్వాత సినిమా మాకు ఇదివరకటిలా కనిపించలేదు. కొందరు ఇప్పటికీ దాన్ని ప్రేమిస్తారు, కాకపోతే కళ్లు తెరిచి ప్రేమిస్తారు. 2025లో రాహుల్ రవీంద్రన్ ‘ది గర్ల్‌ఫ్రెండ్’ అలాంటి ప్రేమనే అమ్మాయి వైపు నుంచి చూపించినప్పుడు, ఎనిమిదేళ్లుగా గదుల్లో నడిచిన వాదన తెరమీదికి ఎక్కినట్టనిపించింది.

‘బలగం’ చూశాక జరిగింది ఇంకోలాంటి సంభాషణ. మా గుంపులో సిరిసిల్ల వైపు మిత్రుడు ఒకడు, కాకినాడ మిత్రుడు ఒకడు ఉన్నారు. బావా బావమరుదులు నల్లి బొక్క కోసం ఏళ్ల తరబడి విడిపోవడమేంటని కాకినాడవాడు నవ్వబోయాడు. సిరిసిల్లవాడు నవ్వలేదు. ‘అది బొక్క ముచ్చట కాదు బావా, అల్లుడి మర్యాద ముచ్చట’ అన్నాడు. అంతే, కాకినాడవాడు తన ఇంట్లో పెళ్లి విస్తరి దగ్గర మొదలై ఇప్పటికీ చల్లారని గొడవ ఒకటి చెప్పాడు. వేణు ఎల్దండి 2023లో తీసిన ఈ చిన్న సినిమాను ఊళ్లలో తెరలు కట్టి చూశారు. చనిపోయిన ఇంటి పెద్ద కొమురయ్య పిండం కాకి ముట్టదేమోనని తెరమీది కుటుంబం పడే ఆరాటాన్ని జనం తమదిగా తీసుకున్నారు. అక్కడ కబుర్లు స్నేహితులను దాటి అన్నదమ్ముల మధ్యకు వెళ్లాయి.

ఒక మర్యాద గురించి కూడా చెప్పాలి. చూడనివాడి ముందు ముగింపు చెప్పకూడదు. 2018లో వెంకటేష్ మహా విశాఖపట్నం కంచరపాలెంలో, ఎక్కువగా ఆ ఊరివాళ్లతోనే తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విషయంలో ఈ మర్యాద పాటించకపోవడం దొంగతనంతో సమానం. బడి పిల్లలది, కుర్రాళ్లది, మధ్యవయసుకు చేరుతున్నవాళ్లది, పెళ్లి కాని నడివయసు మనిషిది... నాలుగు ప్రేమకథలు చెబుతున్నాడనుకుంటూ చూస్తాం. ఆఖరి నిమిషాల్లో మనం అప్పటిదాకా చూసింది ఏమిటో తెలుస్తుంది. తెలిశాక మొదటి నుంచి మళ్లీ చూడకుండా ఉండలేం. రెండోసారి చూస్తున్నప్పుడు ఒక మిత్రుడు నా భుజం తట్టి, మొదటి అరగంటలోనే దర్శకుడు మన కళ్లముందు పెట్టిన ఆనవాలు ఒకటి చూపించాడు. అదేమిటో ఇక్కడ రాయను. మీరు కనిపెట్టింది అదో ఇంకొకటో, ఎప్పుడైనా కలిసినప్పుడు చెప్పండి.